స్టీరింగ్ లేని వైపు

ఆదివారం, మధ్యాహ్నం

అక్కా,

కత్తెర పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని చదువు. ఫోను ఎందుకు చెయ్యలేదని అడగకు. ఫోనులో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. చివరికి నీ కుట్టు కొట్టుకి వచ్చిన ఎవరి ప్యాంటు నడుము ఎంత వదులు చేశావో విని పెట్టేస్తాను. ఇవాళ నా గోడు నువ్వు వినాలి. కాగితం అయితే మధ్యలో అడ్డురాదు.

కారు ఇంకా కొనలేదు.

ముప్పై ఒక్కేళ్ళు నేను జనానికి డ్రైవింగ్ నేర్పిన ఖాళీ స్థలాన్ని పక్కనున్న ఆసుపత్రి వాళ్ళు పార్కింగ్ కోసం కొనుక్కున్నారు కదా. ఆ సంతకాలైన రోజే నేనూ మీ మరిదీ ఒక మాట అనుకున్నాం. డ్రైవింగ్ స్కూలు ఎలాగూ మూసేశాం, జన్మకి ఒక్కసారి మనసుకి నచ్చిన కారు కొనుక్కుందాం అని. అది ఐదు నెలల కిందటి మాట. ఐదు నెలల్లో కొందరు ఇల్లు కట్టి రంగులు కూడా వేసేస్తారు. మేము రెండు కార్ల మధ్య నిలబడి ఉన్నాం.

రెండూ ఒకే షోరూమ్‌లో పక్కపక్కనే ఉన్నాయి. ఒకరు వాడి అమ్మినవే, కానీ గీత కూడా లేదు. ఒకటి గ్రాండ్ టూరర్. పొడుగ్గా, ముదురు నీలం. తలుపు వేస్తే బయట వాన పడుతోందో ఊరేగింపు పోతోందో తెలీదు. సీట్లు తోలువి, చలేస్తే నడుముకి కాపడం పెడతాయి. వెనక కూడా రెండు సీట్లున్నాయని చెప్తారు గానీ అవి సీట్లు కావు, రెండు గుంటలు. రోజంతా కూర్చున్నా అలసట రాకుండా దూర ప్రయాణాలకి చేసిన బండి అది. రెండోది రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎర్రది అనుకుంటున్నావు, నాకు తెలుసు. కాదు, బూడిద రంగు. నేలకి అంటుకుపోయి ఉంటుంది. వెనక సీటు లేదు, సామానుకి చోటు లేదు, మెత్తదనం అసలే లేదు. మీటర్లన్నీ డ్రైవరు వైపు తిరిగి ఉంటాయి. పక్కన కూర్చున్న మనిషిని ఆ బండి పట్టించుకోదు.

నాకు రెండోది కావాలి. ఆయనకి మొదటిది కావాలి. ఇంతే సంగతి. ఇంతదానికి ఐదు నెలలు!

తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషితో కాపురం ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? నీ కొట్లో మొదటిసారి అడుగు పెట్టినప్పుడే నీ టేపు పక్కన తన స్టీలు టేపు పెట్టి, నీది అర సెంటీమీటరు సాగిందని నీ గిరాకీల ముందు చెప్పిన మనిషి. ఇప్పుడు ఆ టేపూ, ఒక నోటు పుస్తకమూ పట్టుకుని వారానికి రెండుసార్లు షోరూమ్‌కి బయల్దేరతారు. తలుపు ఎంత తెరుచుకుంటుంది, గడప ఎంత ఎత్తు, సీటు నేలకి ఎంత దూరం. స్టీరింగ్ లేని వైపు కూర్చుని తన మోకాలికీ ముందున్న డబ్బాకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా కొలిచారు. ఎవరికోసమండీ ఈ కొలతలు అంటే, "కూర్చునేవాళ్ళకోసం" అన్నారు. కూర్చునేది ఎవరు? నేనేగా! నన్నొక దిండులా ఆ నీలం బండిలో సర్ది, తను స్టీరింగ్ పట్టుకుని ఊళ్ళు తిరగాలని ప్లాను. "నీకే సుఖంగా ఉంటుందోయ్" అంటారు పైగా. నా సుఖం కొలవడానికి ఈయన టేపు సరిపోతుందా?

పోయిన గురువారం రెండు బండ్లనీ నడిపి చూడ్డానికి వెళ్ళాం. అక్కడ అమ్మేవాడు నా పాత శిష్యుడు. ఇప్పుడు టై కట్టుకుని, పొట్ట పెంచుకుని గుర్తుపట్టలేనట్టున్నాడు గానీ నన్ను చూడగానే చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. నేను శిష్యులందరికీ పేర్లు పెట్టేదాన్ని కదా, వీడి పేరు హ్యాండ్‌బ్రేకు. అది వేసి ఉంచే బండి కదిలించేవాడు, మూడు నెలలు.

ముందు నీలం బండి. నేను పక్క తలుపు దగ్గరికి వెళ్ళేసరికి మీ మరిదీ అదే తలుపు దగ్గరికి వచ్చారు. "నేనిక్కడ కూర్చుంటా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. వెనక గుంటలో నన్ను కుక్కి, మెత్తటి సీటు ఆయన చూసుకుంటారట! "కుదరదు, నేనే కూర్చుంటా" అని ఎక్కేశాను. ఏదో అనబోయి, హ్యాండ్‌బ్రేకు వైపు చూసి, ఊరుకుని వెనక్కెళ్ళారు. దారంతా ఆయన మోకాళ్ళు గడ్డానికి తగులుతూనే ఉన్నాయి. తర్వాత బూడిద బండి. అందులో ఇద్దరికే చోటు కాబట్టి నేనూ హ్యాండ్‌బ్రేకూ వెళ్ళాం. ఊరి చివర కొత్త రోడ్డు దాకా. అబ్బ, అక్కా! ఇంజను మోత వీపులోకి వస్తుంది. మలుపు తిరిగాక ఇంకో మలుపు ఉంటే బాగుండుననిపిస్తుంది. ఒక్కటే చిరాకు. నేను కూర్చున్న చోటునుంచి స్పీడు కనబడలేదు, మెడ సాచినా.

తిరిగొచ్చాక ఎలా ఉందని ఆయన అడగలేదు. "సీటు మరీ కిందకి ఉంది" అన్నారు. కొలిచారుగా మరి.

ఇక మా పాత బండిలో ఆయన డ్రైవింగ్ సంగతి రాస్తే ఇంకో కట్ట కాగితాలు కావాలి. ఈ మధ్య మరీ మొండిగా తయారయ్యారు. పక్కనుంచి వచ్చే సైకిళ్ళని లెక్కచెయ్యరు. మొన్న మా గేటు స్తంభానికే గీకారు. అంటే కోపం. నా కాలు మాత్రం ముప్పై ఒక్కేళ్ళ అలవాటు కొద్దీ లేని బ్రేకుని నొక్కుతూనే ఉంటుంది. నేర్పే బండిలో నా వైపు కూడా బ్రేకు పెడలు ఉండేది కదా. ఇంటి బండిలో ఉండదని ఈ కాలికి ఇంకా ఎవరూ చెప్పలేదు. నా వైపు రబ్బరు మ్యాటుకి చిల్లు పడింది.

నువ్వేమంటావో తెలుసు. నాలుగు సీట్లది కొనండే, నన్ను కూడా తిప్పుదురు గానీ అంటావు. ఆ గుంటలో నువ్వు పట్టవు. ఇది నీ ఒంటి గురించి కాదు, గుంట గురించి.

తల పట్టుకుని కూర్చున్న,
నీ చెల్లెలు



శనివారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. మూడు వాక్యాలు రాయడానికి అంత పెద్ద కవరెందుకే? "నాలుగు సీట్లదే కొనండి. నా ఒంటికేం రోగం, పడతాను. అవునూ, ఆ రెండో బండి స్టీరింగ్ ఎలా ఉందో రాయలేదేం?"

వెంటనే జవాబు రాద్దామని కూర్చున్నాను. "స్టీరింగ్" అని రాశాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. మెత్తగా ఉందా, బరువుగా ఉందా, చేతికి ఎలా ఉంది? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పెన్ను మూత పెట్టి, ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆలోచించాను. దుప్పటి సగం మడతలో ఉండగా తెలిసింది. నేను ఆ స్టీరింగ్ ముట్టుకోనే లేదు.

రెండు బండ్లలోనూ నేను పక్క సీట్లో కూర్చున్నాను! షోరూమ్ నుంచి బయటికి రాగానే నా కాళ్ళు వాటంతటవే స్టీరింగ్ లేని వైపు తలుపుకి నడిచాయి. ఆ హ్యాండ్‌బ్రేకు వెధవ కూడా, నేను పక్కన కూర్చోగానే పాతికేళ్ళ కిందటి భయంతో వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అద్దం సర్దుకున్నాడు, బెల్టు పెట్టుకున్నాడు, నా వైపు చూశాడు. నేను "ఊఁ, పోనీ" అన్నాను. కొత్త రోడ్డు మలుపులో "ఇండికేటర్ ఏదీ?" అని గద్దించాను కూడా. "సారీ మేడమ్" అన్నాడు. కారు కొనడానికి వెళ్ళింది నేను, డ్రైవింగ్ టెస్టు ఇచ్చింది వాడు. స్పీడు ఎందుకు కనబడలేదో ఇప్పుడు అర్థమైందా? ఆ మీటరు చూడాల్సిన చోట నేను లేను కాబట్టి.

నవ్వుతున్నావు కదూ. నవ్వు. నేను మాత్రం ఆ దుప్పటి అలాగే ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎందుకో నీకు తెలీదు, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చెప్తున్నాను.

పదహారేళ్ళ కిందట ఆయన ఆఫీసులో ఎవరో పెద్దాయన రిటైరైతే విందుకి వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు కారు దగ్గర వాళ్ళ పైఅధికారి ఆపి, "మీ ఆవిడ ఊరందరికీ డ్రైవింగ్ నేర్పుతారు, బండి మాత్రం మీరు నడుపుతున్నారేం?" అన్నాడు. ఈయన తాళం వేలికి తిప్పుతూ, "ఆవిడకి స్టీరింగ్ ఇస్తే ఏం చెయ్యాలో తోచదండీ. పక్క సీట్లో కూర్చోబెడితేనే డ్రైవరు" అన్నారు. చుట్టూ ఉన్న పదిమందీ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువ నవ్వాను.

ఆ రోజు నుంచి నేను తాళం అడగలేదు. అడగకపోతే ఆయనే ఇస్తారేమోనని చూశాను. ఆయన ఇవ్వలేదు. పట్టింపుకి పోయి ఒక నెల, రెండు నెలలు అనుకున్నది పదహారేళ్ళయింది. స్కూలు మా వీధి చివరే కాబట్టి నడిచి వెళ్ళేదాన్ని. అక్కడ నేను నడిపిందెంత? గేరు వెయ్యడం చూపించడానికి పదడుగులు ముందుకి, పదడుగులు వెనక్కి. ఎంతమందిని రోడ్డెక్కించానో లెక్కలేదు, నేను మాత్రం ఎక్కలేదు. ఇదంతా ఆయన తప్పని పళ్ళు నూరుకుంటూ బతికాను. తీరా స్టీరింగ్ నాకోసం ఖాళీగా ఉన్న రోజు, ఎవరూ అడ్డు లేని రోజు, నా అంతట నేనే వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన వేసిన జోకు నిజం చేసి పెట్టాను. అదీ నా ఏడుపు.

అందుకే నిర్ణయించుకున్నాను. మంగళవారం ఆయన కళ్ళద్దాల కోసం వెళ్తారు. ఈ మధ్య ఊరికే వెళ్తున్నారు, ఏ ఫ్రేము కొలుస్తున్నారో ఏమో. ఆ పూట నేనొక్కదాన్నే షోరూమ్‌కి వెళ్తాను. నడుపుతాను. రెండు సీట్లది నా పేరు మీద రాయించేసి వస్తాను. ఆయన్ని అడగను. ఐదు నెలలు అడిగాను, చాలు. కావాలంటే పక్కన కూర్చుంటారు, లేకపోతే ఇంట్లో టేపుతో కూర్చుంటారు.

వద్దని ఫోను చెయ్యకు, ఎత్తను.

నీ చెల్లెలు



మంగళవారం, సాయంత్రం

అక్కా,

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. స్టీరింగ్ బరువుగా ఉంది. నేననుకున్నదానికంటే చిన్నది, రెండు చేతుల మధ్యకి సరిపోతుంది. రోడ్డు మీద గులకరాయి ఉన్నా అరచేతికి చెప్తుంది.

పొద్దున్న వెళ్ళాను. మళ్ళీ పక్క తలుపు వైపే పోతున్న నా కాళ్ళని తిట్టి ఇవతలికి తెచ్చాను. హ్యాండ్‌బ్రేకు కూడా అలవాటుగా ఇటే వచ్చాడు. "అటు వెళ్ళు" అన్నాను. వాడి ముఖంలో రంగు పోయింది. కూర్చున్నాను, అద్దం సర్దుకున్నాను, క్లచ్చు వదిలాను. ఆగిపోయింది. మళ్ళీ. ఆగిపోయింది. మూడోసారి బండి కుక్కలా మూలిగింది గానీ కదల్లేదు. పక్కనుంచి చాలా మెల్లిగా, "మేడమ్, హ్యాండ్‌బ్రేకు" అన్నాడు వాడు. పాతికేళ్ళుగా ఆ మాట నాకు చెప్పే రోజు కోసం ఎదురుచూసి ఉంటాడు. అయినా మొహంలో కనబడనివ్వలేదు, మంచివాడు.

తర్వాత వెళ్ళాం అక్కా. మొదటి రెండు వీధులూ రెండో గేరు దాటలేదు. కొత్త రోడ్డెక్కాక గేర్లన్నీ వాటంతటవే పడ్డట్టు పడ్డాయి. మీటరు నా ముందే ఉంది, నాకోసమే ఉంది. ఒక లారీని దాటాను. దాటాక పక్కకి చూస్తే హ్యాండ్‌బ్రేకు కుడికాలు నేలకి నొక్కి పట్టుకుని కూర్చున్నాడు. చాలాకాలానికి నోరారా నవ్వాను. వెనక్కొచ్చి కాగితాల మీద సంతకం పెట్టేశాను. సోమవారం దాకా మనసు మార్చుకోవచ్చు మేడమ్, కావాలంటే నీలం బండికి మార్చి రాస్తాను అన్నాడు. అక్కర్లేదు అన్నాను.

యుద్ధానికి సిద్ధపడే ఇంటికొచ్చాను. మీ మరిది వరండాలో కూర్చుని నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. కారు బుక్ చేశాను అన్నాను.

"ఏది?"

"రెండు సీట్లది."

పుస్తకం మూశారు. "అందులో నేను కూర్చోలేనోయ్. సీటు కిందకి ఉంది, నా మోకాలు ఒప్పుకోదు."

"మీరు నడపక్కర్లేదు. ఈ బండి స్టీరింగ్ నాది. ఒకసారి పదిమందిలో మీరన్నారు, నాకు స్టీరింగ్ ఇస్తే..."

"నడపడం ఎవరడిగారు? నేను చెప్తున్నది పక్క సీటు గురించి. నేను కొలిచిందంతా పక్క సీటేగా!"

నాకు అర్థం కాలేదు. ఆయన నన్ను వింతగా చూశారు. "నాలుగు నెలలైంది కదా కంటి డాక్టరు బండి నడపొద్దని చెప్పి. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కలది కనిపించదు. అంచులు మూసుకుపోతున్నాయి. కంట్లో వేసుకునే చుక్కల మందుతో ఇక్కడికి ఆగితే అదృష్టమన్నాడు. నీకు తెలుసుగా ఇదంతా."

"నాకెలా తెలుస్తుందండీ? మీరు ఎప్పుడు చెప్పారు?"

"చెప్పడమెందుకు? నీ కాలు నొక్కుతోందిగా."

అని నోటు పుస్తకం తెరిచి నా చేతికిచ్చారు. అక్కా, మా పాత బండిలో నా వైపు మ్యాటు చిల్లు ఆయన కొలిచారు. తేదీలతో. మొదటి తేదీకి ఒకటిన్నర సెంటీమీటరు. నెల తిరిగేసరికి మూడు. ఆ తర్వాత నాలుగున్నర. పక్కన చిన్న అక్షరాలతో "ఆవిడకి తెలిసింది" అని రాసుకున్నారు. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చినప్పటినుంచి నేను గట్టిగా నొక్కుతున్నానని, అంటే నేను కనిపెట్టేశానని, తన పరువు పోకూడదని నోరు మూసుకుని కాలితో కాపాడుతున్నానని ఈయన లెక్క. నాలుగు నెలలుగా మనసులో నాకు దండాలు పెట్టుకుంటున్నారట. నేనేమో పక్కన కూర్చుని మొండి మనిషి, మొండి మనిషి అని తిట్టుకుంటున్నాను!

నా కోపం ఎవరి మీదో కూడా నాకు తెలీలేదు. నోటికొచ్చినట్టు అరిచాను. కళ్ళు కనబడకుండా నాలుగు నెలలు బండి నడిపారా, ఆ సైకిలు వాడికేమన్నా అయితే, గేటు స్తంభం బదులు మనిషి ఉంటే అన్నాను. ఆయన తల దించుకున్నారు. "మనింటి నుంచి మార్కెట్టు దాకానేగా. నువ్వు పక్కనున్నావుగా" అన్నారు. నేను పక్కనున్నానట. లేని బ్రేకుతో!

తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. స్టూడెంటు ఎవడైనా అలా ఒక్క సైకిలుని చూసుకోకపోయి ఉంటే, అక్కడికక్కడే బండి ఆపించి, వెళ్ళి కళ్ళు చూపించుకో అని దింపేసేదాన్ని. ఎందరిని పంపలేదు అలా! ఈయన మొగుడు కాబట్టి మొండితనం అనుకున్నాను. ముప్పై ఒక్కేళ్ళ అనుభవం ఇంటి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికొచ్చాను.

ఆ రోజు షోరూమ్‌లో పక్క సీట్లో కూర్చుంటానన్నది కూడా నన్ను స్టీరింగ్ దగ్గరికి పంపడానికేనట. "నువ్వు నన్ను తోసేసి ఎక్కేశావు. హ్యాండ్‌బ్రేకు ముందు నా కళ్ళ సంగతి ఎలా చెప్పను?" అన్నారు. ఆ విందులో వేసిన జోకు సంగతి కూడా అడిగాను అక్కా. పదహారేళ్ళు మింగలేక కక్కలేక ఉన్న మాట అడిగాను. ఆయనకి గుర్తే లేదు. "అన్నానా?" అన్నారు. ఎప్పుడు, ఎవరి విందు, అని నన్నే అడిగారు. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. పోట్లాడదామంటే ఎదుటి మనిషికి పోట్లాట దేనిగురించో తెలియదు.

ఇప్పుడేం చెయ్యను? నీలం బండిలో ఆయన హాయిగా కూర్చుంటారు. మోకాలు నొప్పి ఉండదు, దిగడం ఎక్కడం తేలిక. ఈ నాలుగు నెలలుగా ఆయన అడుగుతున్నది ఆయన సుఖం కూడా కాదు, నా పక్కన కూర్చునే చోటు. అది తెలిశాక కూడా నాకు ఆ బూడిద బండే కావాలి. ఎంత చెడ్డదాన్నో చూడు. ఒక పూట, ఒక్క పూట అది నాదైంది, ఇంకా అరచేతుల్లో ఆ స్టీరింగ్ బరువు కూడా పోలేదు, ఇంతలోనే మళ్ళీ సర్దుకోమంటున్నారు. ఎవరూ అనలేదులే. నేనే అనుకుంటున్నాను.

పాత బండి తాళం నువ్విచ్చిన బొత్తాల డబ్బాలో పడేసి మూత బిగించాను. సోమవారానికి ఇంకా ఆరు రోజులుంది. నీ సలహా నాకొద్దు. నాలుగు సీట్లది అంటావు.

నీ చెల్లెలు



ఇంకో ఆదివారం

అక్కా,

మూడు వారాలు ఉత్తరం లేదని ముఖం మాడ్చుకోకు. బిజీగా ఉన్నాను. క్లాసులు చెప్తున్నాను.

ఆ శనివారం పొద్దున్నే వరండాలో చప్పుడైతే వెళ్ళి చూశాను. మీ మరిది స్నానాల గది పీట తెచ్చి, దాని మీద పాత టెలిఫోన్ డైరెక్టరీలు రెండు పేర్చి, పైన దిండు వేసి, టేపు పెట్టి చూసుకుంటున్నారు. సరిగ్గా బూడిద బండి సీటు ఎత్తుకి వచ్చిందట. పక్కన కుర్చీని తలుపులా నిలబెట్టారు. ఒక కాలు ముందు పెట్టి, ఒంగి, మూలుగుతూ కూర్చోబోయి, పీటతో సహా పక్కకి ఒరిగారు. లేచి మళ్ళీ మొదలుపెట్టారు. నేను చూస్తున్నానని తెలీదు. నేను నిలబడింది ఆయన పక్కవైపు.

ఎంతసేపు అలా నిలబడ్డానో. ఆయన బండి మార్చమంటే నేను గింజుకుందును, మార్చొద్దంటే నేనే మార్చేద్దును. ఆయన రెండూ అనలేదు. పీట వేసుకున్నారు. నాలుగోసారి మళ్ళీ అదే కాలు ముందు పెట్టేసరికి ఇక తట్టుకోలేకపోయాను. చూస్తూ ఊరుకోవడం నాకు వచ్చిన విద్య కాదు. "కాలు కాదు, ముందు నడుము! వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి" అని అరిచాను.

ఉలిక్కిపడ్డారు. తర్వాత చెప్పినట్టే చేశారు. కూర్చున్నారు. మోకాలు ఒప్పుకుంది.

సోమవారం నేను షోరూమ్‌కి వెళ్ళలేదు.

కిందటి వారం బూడిద బండే ఇంటికొచ్చింది. పక్క సీట్లో కూర్చోవడం నేర్పడానికి ఈ ఊళ్ళో నాకంటే అర్హత ఉన్నవాళ్ళు ఉంటే చెప్పు. పైన పిడి పట్టుకోకూడదు. ప్రతి లారీకీ ఊపిరి బిగబట్టకూడదు. "చూసుకో" అనకూడదు, చూసుకుంటూనే ఉన్నాను. మొదటి పాఠంలోనే మూడూ చేశారు. చాలా మొద్దు స్టూడెంటు. హ్యాండ్‌బ్రేకే నయం. మలుపు దగ్గర, "ఈ సీటు అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుందోయ్?" అని అడిగారు.

"నాకు పదహారేళ్ళు పట్టింది" అన్నాను.

కొత్త రోడ్డు చివరికి వచ్చాక, "ఆ విందు నాకు నిజంగా గుర్తు లేదు. కానీ నేను అని ఉంటాను. అనే మనిషినే" అన్నారు. అంతే. అంతకంటే రాదు ఆయనకి. నా కోపం పూర్తిగా పోయిందని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. సగం పోయింది. మిగతా సగానికి ఇంకా చాలా రోడ్డుంది.

వచ్చే శనివారం మీ ఊరు వస్తున్నాం. నిన్ను ఎక్కించుకోవడానికి చోటు లేదు, ఏమీ అనుకోకు. ముందు ఆయన్ని నీ కొట్లో దింపుతాను, నీ టేపులన్నీ సరిచూస్తూ కూర్చుంటారు. తర్వాత నిన్ను ఎక్కించుకుని ఊరంతా తిప్పుతాను. ముందు నడుము, తర్వాత కాళ్ళు. ఇప్పటినుంచే ప్రాక్టీసు చెయ్యి.

ఇందాక టీ తాగుతూ ఆయన నోటు పుస్తకం తెరిచి ఉంటే చూశాను. ఎత్తులూ లోతులూ ఉన్న పేజీలన్నీ అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. కొత్త పేజీలో ఈ ఉదయం తేదీ వేసి, కింద గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. "కొత్త బండి. స్టీరింగ్ లేని వైపు మ్యాటు. నొక్కేది నేను. చిల్లు ఇంకా లేదు."

శనివారం హారను వినబడగానే బయటికి రా.

నీ చెల్లెలు, డ్రైవరు